తమ్ముడి బండి, అన్నయ్య బేరం

ఈ శీర్షికలో మామూలుగా డేటాబేసుల గురించో, సెక్యూరిటీ గురించో రాస్తుంటాను. ఈసారి ట్రక్కు బేరం గురించి రాస్తున్నాను. టెక్నాలజీ శీర్షికలో ట్రక్కు ఏమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి. ఎవరి దగ్గర ఏ సమాచారం ఉంది, అది ఎక్కడ కారిపోతోంది అన్నదే మన వృత్తిలో సగం పని కదా! బేరంలోనూ అంతే.

సంగతేమిటంటే, కిందటేడు, అంటే 2025 ఆగస్టు 22, శుక్రవారం. రియాద్‌లో సెలవు రోజు. నేనుండేది మలాజ్‌లో. 1950లలో ప్రభుత్వ ఉద్యోగుల కోసం కట్టిన పేట ఇది. ఇప్పుడు ఇక్కడ మనవాళ్ళు, కేరళవాళ్ళు, పాకిస్తానీలు, ఈజిప్షియన్లు అందరూ కలగలిసి ఉంటారు. ఉదయం పది గంటలకు, అంటే అక్కడ పన్నెండున్నరకు, రాజమండ్రి నుంచి మా తమ్ముడి ఫోన్. వాడు రావులపాలెం మార్కెట్టు నుంచి అరటి గెలలు తోలుతుంటాడు. ఐదేళ్ళుగా అద్దె బండి. సొంత బండి కొనుక్కోవాలని వాడి కోరిక. ముందు కట్టాల్సిన డబ్బు నేనిస్తానని నా మాట. ఒకటిన్నర టన్నుల పికప్ చూసుకున్నాడు.

షోరూమువాళ్ళు ఇచ్చిన కాగితాన్ని ఫోటో తీసి పంపాడు. లెక్క సులువుగా ఉండడానికి అంకెల్ని కొద్దిగా గుండ్రం చేసి చెబుతాను. ఎక్స్ షోరూమ్ ధర 10,00,000. బీమా 58,000. యాక్సెసరీల కిట్టు 24,000. హ్యాండ్లింగ్ చార్జీలు 12,000. రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరే. "ప్రత్యేకంగా మీకోసం" డిస్కౌంటు 20,000. ఐదు రోజుల్లో వినాయక చవితి. ఈ రోజు బుక్ చేస్తే చవితికి బండి ఇంటి ముందు ఉంటుందట.

పది నిమిషాల్లో ఆ షోరూము కుర్రాడే నాకు ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్తుడు. "సార్, మీ తమ్ముడుగారు చెప్పారండి, మీరు సౌదీలో పెద్ద సాఫ్ట్‌వేర్ అటండి కదా! మీలాంటి వాళ్ళకి ఇరవై వేలు, ముప్పై వేలు ఒక లెక్కా అండి? పండక్కి బండి ఇంటికొస్తే అమ్మగారు ఎంత సంతోషిస్తారండి!" అన్నాడు. నేనేం చేశానో ఊహించే ఉంటారు. గొంతు కొంచెం బరువు చేసుకుని, "సరే, కానివ్వండి. సాయంత్రంలోగా డబ్బు పంపిస్తాను" అన్నాను.

కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేశాను. పదకొండేళ్ళుగా కంపెనీలకు సలహాలిచ్చి బతుకుతున్నాను. ఒక సర్వర్ లైసెన్సు కొనాలంటే మూడు కొటేషన్లు లేనిదే సంతకం పెట్టొద్దని క్లయింట్లకు చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి, తమ్ముడి జీవనాధారాన్ని ఒక్క కొటేషను మీద, ఒక్క పొగడ్తకు కొనేయబోయాను.

ఆ సాయంత్రం డబ్బు వెళ్ళకపోవడానికి కారణం మా పక్క వాటాలో ఉండే కడపాయన. ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో కొనుగోళ్ళు చూస్తారు. సిమెంటు నుంచి చీపురుకట్టల దాకా అన్నీ ఆయన సంతకంతోనే వస్తాయి. పికప్‌ను ఇక్కడివాళ్ళు వనేత్ అంటారు. సైట్ల కోసం కంపెనీ పేరు మీద ఏటా ఒకటో రెండో వనేతులు కొనడం కూడా ఆయన పనే. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే వెళ్ళి, తమ్ముడు బండి కొంటున్నాడని గొప్పగా చెప్పాను. ఆయన కాగితం ఫోటో చూసి అన్నం కలపడం ఆపేశారు.

"ఇది ధర కాదు నాయనా, మెనూ కార్డు. ఇంతకీ పన్ను తగ్గుతాందని పేపర్లో వస్తాంటే ఇప్పుడు కొనమన్నదెవరు?" అన్నారు.

నిజమే. ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధానమంత్రి జీఎస్టీ సంస్కరణలు దీపావళికల్లా వస్తాయని ప్రకటించారు. 28 శాతం శ్రేణిని ఎత్తేసి, అందులోని చాలా వస్తువుల్ని 18కి దించే ప్రతిపాదన ఉందని ఆ రోజునుంచే పత్రికల్లో వస్తోంది. నేనూ చదివాను. చదివి, ఎక్కడో ఉన్న దేశం సంగతిలా వదిలేశాను. మా తమ్ముడు కొనబోయే బండి 28 శాతం శ్రేణిలోనే ఉందన్న ఆలోచనే రాలేదు.

కడపాయనకు వెంటనే తట్టడానికి కారణం ఉంది. సౌదీలో 2018 జనవరిలో 5 శాతం వ్యాట్ వచ్చింది. 2020 మేలో దాన్ని 15కి పెంచుతున్నామని ప్రకటించి, జులై 1 నుంచి అమలు చేశారు. ఆ మధ్యలోని ఏడు వారాల్లో ఆయన తమ కంపెనీ ఆ సంవత్సరానికి కొనాల్సిన బండ్లన్నీ ముందే కొనిపించారు. "పన్ను పెరిగేటప్పుడు పరిగెత్తల్ల, తగ్గేటప్పుడు కూర్చోవల్ల. ఇంతే కదా!" అన్నారాయన. ఇంత చిన్న సూత్రానికి మాస్టర్స్ డిగ్రీ అక్కర్లేదని నాకు అర్థమైంది.

లెక్క చూడండి. 28 శాతం పన్నుతో కలిపి పది లక్షల బండి అంటే, పన్ను లేకుండా దాని ధర 7,81,250. దాని మీద 18 శాతమే అయితే 9,21,875 అవుతుంది. తేడా 78,125 రూపాయలు. షోరూము "ప్రత్యేకంగా మీకోసం" ఇచ్చిన 20,000 డిస్కౌంటుకు దాదాపు నాలుగు రెట్లు! జీఎస్టీ నమోదు ఉన్న పెద్ద ట్రాన్స్‌పోర్టువాళ్ళు కట్టిన పన్నును లెక్కల్లో సర్దుకోగలరు కానీ, మా తమ్ముడిలాంటి ఒక్క బండివాడికి అది జేబులోంచి పోయే సొమ్మే.

అలాగని ఆ షోరూము కుర్రాడు అబద్ధమాడాడని అనను. పన్ను తగ్గదని అతను చెప్పలేదు. ఆ మాటే ఎత్తలేదు. ఎత్తవలసిన పని కూడా అతనిది కాదు, నాది.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకుందాం. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల సంత గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. అమ్మేవాడికి తెలిసినది కొనేవాడికి తెలియకపోతే సంత మొత్తం ఎలా పాడైపోతుందో అందులో చూపించాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిన కృషికి మూలం అదే. కానీ కొత్త బండి విషయంలో ఆ చిక్కు చాలావరకు లేదు. రాజమండ్రిలో కొన్నా, కాకినాడలో కొన్నా అదే కంపెనీ, అదే ఇంజను, అదే వారంటీ. తెలియనిది బండి మంచిదా చెడ్డదా అన్నది కాదు. డీలరుకు ఎంతలో గిట్టుతుంది, మనం ఎంతదాకా పెట్టగలం అన్న రెండు అంకెలే. బేరమంటే, ఈ రెండు అంకెల్లో ఎవరిది ముందు బయటపడుతుందన్న ఆట.

మొదటి అంకెను బయటపెట్టడానికి అమెరికాలో చాలాకాలంగా ప్రయత్నాలు జరిగాయి. 1958లో సెనేటర్ మైక్ మన్రోనీ చొరవతో వచ్చిన చట్టం వల్ల కొత్త కార్ల అద్దం మీద కంపెనీ సూచించిన ధర, అదనపు హంగుల ధరలు విడివిడిగా రాసిన కాగితం అంటించడం తప్పనిసరి అయింది. 1966 నుంచి ఎడ్మండ్స్ వాళ్ళు ధరల వివరాలను చిన్న పుస్తకాలుగా అచ్చువేశారు. తర్వాత అవి ఇంటర్నెట్టుకెక్కాయి. మనలో అమెరికాలో కారు కొన్నవాళ్ళు డీలరు దగ్గరకు వెళ్ళబోయే ముందు రాత్రి ఇలాంటి సైట్లు తిరగేసే ఉంటారు.

దానివల్ల లాభం ఉందా అంటే ఉంది. 1995లో అయర్స్, సీగల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు షికాగో ప్రాంతంలో ఒకే రకం మాటలు నేర్పిన మనుషులను కార్ల డీలర్ల దగ్గరకు పంపి చూశారు. నల్లజాతివారికీ, ఆడవాళ్ళకూ ఎక్కువ ధరలు చెప్పారని తేలింది. తర్వాత 2001లో ఫియోనా స్కాట్ మోర్టన్, ఆమె సహచరులు చేసిన అధ్యయనంలో, ఇంటర్నెట్ రిఫరల్ సైటు ద్వారా వెళ్ళిన కొనుగోలుదారులు సగటున 2 శాతం దాకా తక్కువ కట్టారని కనిపించింది. అదే బృందం 2003లో మరో సంగతి చెప్పింది: మామూలుగా ఎక్కువ కట్టే నల్లజాతి, హిస్పానిక్ కొనుగోలుదారులకు ఇంటర్నెట్టులో ఆ తేడా చాలావరకు పోయిందట. మనిషి ముఖం, యాస, చొక్కా కనబడకపోతే ధర కొంత న్యాయంగా వస్తుందన్నమాట.

దీన్ని మనకు అన్వయించుకుంటే వచ్చేదే నా ఈ వ్యాసం. మనం ఎంతసేపూ డీలరు దాచిన అంకె కోసం గూగుల్లో వెతుకుతాం. మన అంకెను మాత్రం ముందే చెప్పేస్తాం. "మా అన్నయ్య సౌదీలో సాఫ్ట్‌వేర్" అన్న ఒక్క వాక్యంతో మా వైపు పాస్‌వర్డ్ బయటికి పోయింది. ఆ వాక్యం విన్నాక ఏ డీలరూ 20,000 కంటే పైన డిస్కౌంటు ఇవ్వడు. ఇవ్వాల్సిన అవసరమేముంది? భద్రత గురించి ఇన్ని వ్యాసాలు రాసిన నాకు ఈ లీకు ఎక్కడ జరిగిందో కడపాయన చెప్పేదాకా తెలియలేదు. పైగా ఆ ఫోన్లో నేను "సాయంత్రంలోగా" అని గడువు కూడా చెప్పాను. డబ్బుందని చెప్పడం ఒక లీకు అయితే, తొందర ఉందని చెప్పడం దాన్ని మించిన లీకు.

మరి ఆయన వనేత్ ఎలా కొంటారు? అడిగాను. పద్ధతి చాలా సాదా. ముందు ఒక పేజీ తయారుచేస్తారు. మోడలు, ఒక గమారానా రెండు గమారాలా (ఇక్కడి కూలీల భాషలో సింగిల్ క్యాబిన్, డబుల్ క్యాబిన్ అని), తయారైన సంవత్సరం, ఎన్ని బండ్లు. అదే పేజీని నలుగురికి పంపుతారు. "వ్యాట్, నంబరు ప్లేట్లు, బీమా అన్నీ కలిపి, బండి మా గేటులోకి వచ్చేసరికి ఎంత?" అని ఒక్క అంకె అడుగుతారు. ఎవరి అంకెనూ ఇంకొకరికి చెప్పరు. నలుగురిని అడుగుతున్నానని మాత్రం అందరికీ చెబుతారు. వచ్చిన అంకెల్ని రెండు రోజులు అలా వదిలేస్తారు. తర్వాత తక్కువ చెప్పిన ఇద్దరికి ఫోన్ చేసి "ఆఖర్ కలామ్?" అంటారు. అంతే. గొంతు పెంచడం, బల్ల గుద్దడం, సగానికి సగం అడగడం ఏమీ లేవు.

"ఆఖర్ కలామ్ అంటే?" అన్నాను.

"ఆఖరు మాట. అన్నీ మనకు తెలిసిన మాటలే కదా!" అన్నారు.

నిజంగానే ఆ రాత్రి కూర్చుని లెక్కపెడితే ఆశ్చర్యం వేసింది. మన ఆఖరు అరబ్బీ నుంచి వచ్చిందే. నగదు కూడా. ఇక్కడి షోరూముల్లో వాయిదాల అమ్మకాన్ని తఖ్సీత్ అంటారు; మన కిస్తీదీ అదే ధాతువు. బాకీ, వసూలు, దలాలీ, జామీను, రాజీ అన్నీ ఇటునుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మన ఊళ్ళకు నడిచొచ్చినవే. చివరకు హర్రాజు కూడా! రియాద్‌లో పాత కార్ల వేలాన్ని ఇప్పటికీ హరాజ్ అనే అంటారు. ఆ పేరుతోనే పాత సామాన్లు, కార్లు అమ్ముకునే వెబ్‌సైటు ఇక్కడ ఇంటింటా తెలుసు. కొత్త వనేత్ కొనేముందు కడపాయన ఆ సైటులో మూడేళ్ళ పాత వనేతులు ఎంతకు చెబుతున్నారో చూస్తారట. బండి అసలు ఖర్చు కొన్న ధర కాదు, కొన్న ధరకూ తిరిగి అమ్మే ధరకూ మధ్య తేడా అని ఆయన లెక్క. బేరానికి కావలసిన మాటలన్నీ తరతరాల కింద తెచ్చుకున్నాం. బేరాన్ని మాత్రం మనలాంటివాళ్ళం నామోషీ అనుకుని వదిలేశాం.

సరే, అసలు కథలోకి వస్తాను. ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి, డబ్బు ఇప్పుడు పంపడం లేదని, చవితికి బండి రాదని చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. వాడు ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఆయ్, నాకూ ఆ కిట్టూ గిట్టూ దండగేననిపించింది అన్నయ్యా. సీటు కవర్లూ, మ్యాట్లూ, అద్దాలకి స్టిక్కర్లూ... అరటి గెలలు తోలే బండికి ఎందుకవి? కానీ డబ్బులు నువ్విస్తున్నావు కదా, నేను బేరమాడితే నీకు చిన్నతనంగా ఉంటదని నోరు కట్టేసుకున్నాను."

ఈ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

మా తమ్ముడు ఎవరు? రోజూ తెల్లవారుజామున రావులపాలెంలో కర్పూర గెలల వరసల మధ్య నిలబడి, గెల చూసి ఎన్ని హస్తాలో, ఎన్ని రోజుల్లో ముగ్గుతుందో, ఎంత పలుకుతుందో చెప్పగలిగినవాడు. పది రూపాయల దగ్గర బేరం తెగకపోతే తువ్వాలు దులుపుకుని పక్క వరసకు వెళ్ళిపోగలిగినవాడు. క్లిఫర్డ్ గీర్ట్స్ అనే మానవశాస్త్రజ్ఞుడు మొరాకోలోని సెఫ్రూ పట్నం బజారును చూసి 1978లో ఒక వ్యాసం రాశాడు. బజారులో సరుకు కన్నా సమాచారం కరువని, దాన్ని వెతికి పట్టుకోవడమే అక్కడి అసలు నైపుణ్యమని ఆయన సారాంశం. ఆ నైపుణ్యం మా ఇంట్లో నాకు లేదు, వాడికుంది. కానీ నా డబ్బు వాడి వెనక నిలబడేసరికి వాడు షోరూములో చిన్నపిల్లాడైపోయాడు. బేరమాడే హక్కు డబ్బిచ్చేవాడిదని వాడనుకున్నాడు. డబ్బిచ్చే నేనేమో బేరమాడడం నామోషీ అనుకున్నాను. మా ఇద్దరి మధ్య ఖాళీలో షోరూము హాయిగా కూర్చుంది.

మనలో చాలామంది ఇళ్ళలో ఇదే జరుగుతోందని నా అనుమానం. ఊళ్ళో ఇంటి స్లాబు నుంచి నాన్నగారి ఆపరేషను దాకా, "అబ్బాయి బయట ఉన్నాడు" అన్న మాటతో ప్రతి అంకె కొంచెం లావెక్కుతుంది. మనం డబ్బు పంపుతున్నామనుకుంటాం. దాంతోపాటు మనవాళ్ళ నోటికి తాళం కూడా పంపుతున్నాం.

కాబట్టి పని పంచుకున్నాం. కాగితం నాది, నోరు వాడిది. నేను కడపాయన పద్ధతిలో ఒక పేజీ తయారుచేశాను: మోడలు, తయారైన నెలా సంవత్సరం రాసివ్వాలి, బీమా లేకుండా ధర, బీమాతో ధర, కిట్టు వద్దు, హ్యాండ్లింగ్ అంటే ఏం పనో రాయాలి. వాడు దాన్ని పట్టుకుని రాజమండ్రి, కాకినాడ, భీమవరం తిరిగాడు. అన్నయ్య ఊసు ఎత్తలేదు. ఈ మధ్యలో సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిలు నిర్ణయం వచ్చింది. సరుకు రవాణా బండ్ల మీద పన్ను 28 నుంచి 18కి తగ్గింది, 22వ తేదీ నుంచి అమలు.

బీమా సంగతి ఒక మాట. థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించినదే, ఎక్కడైనా ఒకటే. తేడా వచ్చేది మన బండికి జరిగే నష్టానికి కట్టే భాగంలో. బీమా షోరూములోనే తీసుకోవాలన్న నియమం లేదు. వాడు బయట కనుక్కుంటే 44,000కు వచ్చింది. బండి ధర తగ్గడం వల్ల అందులో కొంత తగ్గిందనుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది అప్పు. ఎనిమిది లక్షలు, నాలుగేళ్ళు, "7 శాతం వడ్డీ మాత్రమే" అన్నారు. వినడానికి బాగుంది. కానీ అది ఫ్లాట్ వడ్డీ. అంటే నెలనెలా అసలు తీరుతున్నా, మొదటి రోజు ఎనిమిది లక్షల మీదే నాలుగేళ్ళూ వడ్డీ లెక్కగడతారు. వడ్డీ మొత్తం 2,24,000, నెల వాయిదా 21,333. స్ప్రెడ్‌షీట్‌లో తగ్గుతున్న అసలు మీద తిరగేసి చూస్తే అది సంవత్సరానికి దాదాపు 12.7 శాతం! వేరేచోట తగ్గుతున్న అసలు మీద 11 శాతానికి దొరికింది. చెవికి 7 కన్నా 11 ఎక్కువగా వినిపిస్తుంది. కానీ వాయిదా 20,676 మాత్రమే. నెలకు 657 రూపాయల తేడా, 48 నెలలకు 31,000 దాటుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇలాంటి అప్పులకు అసలు వార్షిక రేటుతో సహా ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. ఆ కాగితం అడగండి. బండి ధర దగ్గర అరగంట వాదించి, వాయిదా దగ్గర తలూపడం మనందరికీ అలవాటు.

సెప్టెంబరు నెలాఖరులో బేరం తెగింది. చివరకు కొన్నది మొదటి షోరూములోనే. ఎక్స్ షోరూమ్ 9,21,875. డిస్కౌంటు 15,000, పన్ను తగ్గాక గిరాకీ పెరిగిందని ముందు చెప్పినదానికన్నా ఐదువేలు తగ్గించారు. హ్యాండ్లింగ్ తీసేశారు. కిట్టు బదులు తమ్ముడు బయట టార్పాలిను, మోకులు 7,000కు కొనుక్కున్నాడు. బీమా 44,000. రిజిస్ట్రేషన్ వదిలేస్తే మొత్తం 9,57,875. మొదటి కాగితం ప్రకారం అయితే 10,74,000.

తేడా 1,16,125. ఇందులో 78,125 ప్రభుత్వం వదులుకున్నది, మా ప్రతాపం కాదు. బేరం వల్ల మిగిలింది 38,000. అప్పు దగ్గర ఇంకో 31,000. అటు నష్టం కూడా ఉంది. నెలకు పైగా అద్దె బండి మీదే నడపడం వల్ల వాడికి పదిహేను వేల దాకా పోయింది. చవితికి బండి రాలేదని అమ్మ నాలుగు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. దాన్ని ఏ గడిలో వేయాలో స్ప్రెడ్‌షీట్‌కు తెలియదు.

ఒక అభ్యంతరం ఉంది. కడుపునిండినవాళ్ళం, నెల జీతం మీద బతికే ఆ షోరూము కుర్రాడి దగ్గర ఇంత గీచిగీచి బేరమాడాలా అని. ఆలోచించాల్సిన ప్రశ్నే. న్యాయమైన ధర అంటే నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువ ధర కాదు. డీలరుకు లాభం ఉండాలి. రేపు గేరుబాక్సు చప్పుడు చేస్తే తమ్ముడు వెళ్ళాల్సింది ఆ గుమ్మానికే. అందుకే భీమవరంలో మూడువేలు తక్కువ చెప్పినా దగ్గరున్న రాజమండ్రిలోనే కొన్నాం. కానీ ఏ పనికో చెప్పలేని హ్యాండ్లింగ్ చార్జీ, అడగని కిట్టు, ఫ్లాట్ అని గట్టిగా చెప్పని వడ్డీ, ఇవి లాభం కిందికి రావు. ప్రతి అంకె పక్కన అదెందుకో రాసి, ఇద్దరూ చదివి ఒప్పుకున్నదే న్యాయమైన ధర. ఆ కుర్రాడికి అందులో ఏ అవమానమూ జరగలేదు. డెలివరీ రోజు కొబ్బరికాయ అతనే తెచ్చాడు.

అక్టోబరు 2, విజయదశమి. మలాజ్‌లో ఆఫీసు నుంచి వచ్చి వీడియో కాల్ పెట్టాను. బండికి పసుపు, కుంకుమ, అరటి పిలకలు. తమ్ముడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, స్టీరింగు పట్టుకుని, ఫోను అమ్మకిచ్చి, ముందుకు కదిలించాడు. తర్వాత ఫోను తీసుకుని మెల్లగా చెప్పాడు: "చివర్లో ఆ కుర్రోడు మళ్ళీ అడిగాడు అన్నయ్యా, డబ్బులెవరిస్తున్నారని. అరటి గెలలిస్తున్నాయి అన్నాను."

నెల తిరగ్గానే మొదటి వాయిదా వాడే కట్టాడు. నేను పంపింది మొదట్లో ఇచ్చిన ఆ కొంత డబ్బు, ఒక పేజీ కాగితం మాత్రమే. ఈసారి మీ ఇంటినుంచి ఇలాంటి ఫోన్ వస్తే, డబ్బు పంపే ముందు ఆ ఒక్క పేజీ పంపండి. మాట్లాడే పని వాళ్ళకే వదిలేయండి. మనకన్నా బాగా మాట్లాడతారు.